పాత మస్టాంగ్ కన్వర్టిబుల్: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉంటాము. కొన్నేళ్ల క్రితం మా వీధిలో ఉండే ఒక పెద్దాయన దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ కొన్నాను. తీరిక చేసుకుని బాగుచేసుకుందామనుకున్నాను గాని, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య అది గరాజ్‌లోనే ఉండిపోయింది. ఇంజన్ 289 (క్యూబిక్ అంగుళాలు) వి8, అంటే ఎనిమిది సిలిండర్లది, గేర్లు ఆటోమేటిక్. వాహన గుర్తింపు సంఖ్య ‘6టి08సి’తో మొదలవుతుంది. గ్రిల్‌లో ఫాగ్ ల్యాంపులు, పక్కన జీటీ (మస్టాంగ్‌లో ప్రత్యేక స్పోర్ట్ ప్యాకేజీ) గుర్తులు ఉన్నాయి. అడుగు రేకు అక్కడక్కడ తుప్పు పట్టింది, టాప్ చిరిగింది, రంగు వెలిసింది. ఇప్పుడు మేము టెక్సస్‌కు మారుతున్నాము. రంగు వేయించి, టాప్ మార్పించి అమ్మితే మంచి ధర వస్తుందని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: రంగు వేయించకండి. ఇలాంటి కారు కొనడానికి వచ్చేవారిలో ఎక్కువమంది స్వయంగా పని తెలిసినవారో, పని తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవారో అయి ఉంటారు. తుప్పు పట్టిన కారు మీద కొత్త రంగు మెరుస్తుంటే వారికి కనిపించేది అందం కాదు, అనుమానం. జేబులోంచి అయస్కాంతం తీసి, అది ఎక్కడ అతుక్కోవడం లేదో, అంటే రేకు బదులు ఎక్కడ పుట్టీ ఉందో వెతకడం మొదలుపెడతారు. పైగా, కొన్నవారు తలుపుల కింది భాగం కోసి వెల్డింగ్ చేయిస్తే, మీరు డబ్బు పోసి వేయించిన ఆ రంగు ఎలాగూ పాడవుతుంది.

లెక్క కూడా మీకు అనుకూలంగా లేదు. 1966 మోడల్‌లో ఫోర్డ్ 72,000కు పైగా మస్టాంగ్ కన్వర్టిబుళ్లు తయారు చేసింది. అది అందమైన కారే గాని అరుదైన కారు కాదు. దానికి కావలసిన రేకులు, రబ్బర్లు, సీటు కవర్లు దాదాపు అన్నీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి, పూర్తి బాడీ సైతం కొత్తది కొనుక్కోవచ్చు. అందువల్ల కొనేవారు మరమ్మతు ఖర్చును ముందుగానే లెక్కగట్టగలరు. బాగుచేసిన కారు ఎంత పలుకుతుందో కూడా వారికి తెలుసు. గంటల లెక్కన కూలి తీసుకునే వర్క్‌షాపులో మీరు మొత్తం పని చేయిస్తే, పెట్టిన డబ్బు తిరిగి రాదన్నది నా అభిప్రాయం. సొంత చేతులతో పని చేసుకునేవారికే ఈ కార్లు గిట్టుబాటు అవుతాయి, మీ కారు అమ్మవలసింది వారికే.

ఇక కారు గుర్తింపు సంగతి. మీరు రాసిన సంఖ్యలో 6 అంటే 1966 మోడల్, 08 అంటే కన్వర్టిబుల్, సి అంటే రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న, 200 హార్స్‌పవర్ 289 ఇంజన్. అంటే మీది పుట్టుకతోనే వి8 కారు. ఆరు సిలిండర్ల కారులోకి తరువాత ఎక్కించిన ఇంజన్ కాదు. చక్రానికి ఐదు బోల్టులుంటే ఆ మాటకు మరింత బలం వస్తుంది, ఎందుకంటే ఆరు సిలిండర్ల కార్లకు నాలుగే ఉండేవి. టి అక్షరం మటచెన్ ప్లాంటును సూచిస్తుంది. పేరు మటచెన్‌దే అయినా 2004లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ ఉన్నది ఎడిసన్‌లో. మన తెలుగువారు ఇంతమంది కాపురముంటున్న ఊళ్లోనే మీ కారు పుట్టిందన్నమాట. ప్రకటనలో ఈ ముక్క రాయండి, స్థానికంగా ఇష్టపడేవారుంటారు.

జీటీ గుర్తుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ ఏడాది ఫ్యాక్టరీ జీటీ ప్యాకేజీని ‘ఎ’ కోడ్, ‘కె’ కోడ్ ఇంజన్లున్న కార్లకే ఇచ్చారు. మీది సి కోడ్ కాబట్టి, ఆ ల్యాంపులు, గుర్తులు తరువాత ఎవరో బిగించినవే. వాటిని తీసేయనక్కరలేదు గాని, ప్రకటనలో “జీటీ” అని రాయకండి. “జీటీ సామగ్రి తరువాత బిగించినది, అసలు కారు సి కోడ్” అని రాయండి. అదేవిధంగా “నంబర్స్ మ్యాచింగ్” (ఇంజన్ మీది సంఖ్య కారు సంఖ్యతో కలుస్తుంది, అంటే ఇంజన్ అసలుదే) అన్న మాట కూడా వాడవద్దు. 1966లో ‘కె’ కోడ్ తప్ప మిగిలిన మస్టాంగ్ ఇంజన్ల మీద కారు సంఖ్య కొట్టలేదు. ఇంజన్ దిమ్మె మీద పోతపోసిన తేదీ కోడ్‌ను ఫొటో తీసి పెట్టండి, తేల్చుకోవడం కొనేవారికి వదిలేయండి. మార్టీ రిపోర్టు (ఫోర్డ్ రికార్డుల ఆధారంగా, కారు ఫ్యాక్టరీలో ఎలా తయారైందో చెప్పే పత్రం) ఇమ్మని కొందరు అడుగుతారు. ఆ రికార్డులు 1967 మోడల్ నుంచే ఉన్నాయి కాబట్టి, మీకున్న ఆధారం డ్రైవర్ తలుపు మీది ప్లేటే. రంగు, లోపలి అలంకరణ, గేర్‌బాక్స్, యాక్సిల్ కోడ్‌లు అందులో ఉంటాయి. ఆ ప్లేటును, ఫెండర్ ఏప్రన్ (బానెట్ కింద ఇంజన్ పక్కనుండే రేకు) మీద కొట్టిన సంఖ్యను స్పష్టంగా ఫొటో తీయండి.

అన్నిటికంటే ముఖ్యం తుప్పు. పైకప్పు ఉన్న కారులో బాడీ బరువును కప్పు కూడా కొంత మోస్తుంది. కన్వర్టిబుల్‌లో ఆ భారమంతా తలుపుల కింద గడపల్లా సాగే రాకర్ ప్యానెళ్ల మీద, వాటిని ఫ్రేమ్ రైళ్లతో (కారు అడుగున పొడవునా ఉండే ఉక్కు దూలాలతో) కలిపే టార్క్ బాక్సుల మీద పడుతుంది. అవి తుప్పు తింటే బాడీ నడుము వంగుతుంది. తలుపు వెనుక అంచు దగ్గర సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కనిపిస్తే అదే కారణమని అనుమానించాలి. టాప్ దించి రెండు తలుపులూ తెరిచి మూసి చూడండి. తరువాత అద్దం ముందున్న గాలి జాలీలో ఒక చెంబు నీళ్లు పోసి, డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడండి. నీళ్లు లోపలికి కారితే కౌల్ (ఆ జాలీ కింద ఉండే రేకు తొట్టి) లోపల తుప్పు పట్టిందని అర్థం. మీ అడుగు రేకు పాడవడానికి మూలం బహుశా అక్కడే ఉంటుంది. పైనుంచి కనబడని ఆ భాగాన్ని బాగుచేయాలంటే స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటే విప్పదీయాలి, అందుకే కొనేవారు దాని గురించి తప్పక అడుగుతారు. కారును లిఫ్ట్ మీద ఎక్కించి రాకర్లు, వెనుక ఫ్రేమ్ రైళ్లు, అడుగు రేకు దగ్గరగా కనబడేలా ఫొటోలు తీయండి. చెడ్డ ఫొటోలను దాచకుండా ముందే పెట్టండి, అవి చూసి కూడా వచ్చినవారితో బేరం నిలబడుతుంది. ఎవరైనా అమ్మకానికి ముందే అడుగు రేకు అతికిస్తామంటే ఒప్పుకోకండి. తలుపుల సందులకు ఇనుప ఊతాలు బిగించకుండా కన్వర్టిబుల్ అడుగు కోస్తే బాడీ మెలిపడుతుంది.

ఖర్చు పెట్టదలిస్తే కారు స్టార్టయి, కదిలి, ఆగడానికి పెట్టండి. పాత పెట్రోలు తీయించి, ట్యాంకు, కార్బ్యురేటర్ శుభ్రం చేయించి, బ్యాటరీ మార్పించండి. 1966 కారులో బ్రేకు మాస్టర్ సిలిండర్‌కు ఒకటే అర ఉంటుంది. ఎక్కడో ఒకచోట లీకైతే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. బ్రేకులు సరిచేయించకుండా ఎవరికీ టెస్ట్ డ్రైవ్ ఇవ్వకండి. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేస్తున్న వీడియో ఒకటి తీసి పెట్టండి. చిరిగిన టాప్‌ను మార్చవద్దు, దాని చట్రం సాఫీగా ముడుచుకుంటే చాలు.

ధర నిర్ణయించడానికి పాత కార్లకు బీమా ఇచ్చే హ్యాగర్టీ సంస్థ ధరల పట్టిక చూడండి. అందులో కార్లను నాలుగు స్థాయిలుగా విభజిస్తారు (ఒకటోది అన్నిటికంటే మంచిది), మీది నాలుగో స్థాయి కన్నా కిందే ఉండవచ్చు. సొంతదారులు అడిగే ధరలను కాకుండా నిజంగా అమ్ముడైన ధరలను పోల్చుకోండి. అమ్మడానికి పాత కార్ల ప్రకటనలు వేసే హెమ్మింగ్స్, స్థానిక మస్టాంగ్ క్లబ్బులు మీకు సరిపోతాయి. అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో జరిగే వంటి పెద్ద వేలంపాటలకు తీసుకువెళితే రవాణా, రుసుము పోగా మిగిలేది తక్కువ.

కాగితాల్లో ముందుగా చూసుకోవలసింది టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం. పెద్దాయన సంతకం పెట్టి ఇచ్చిన టైటిల్‌ను మీ పేరుకు మార్చుకోకుండా అలాగే ఉంచి ఉంటే, మొదట మార్చుకోండి. మధ్యలో మీ పేరు లేకుండా నేరుగా మూడో మనిషికి ఇవ్వడం చట్టవిరుద్ధం. అమ్మేటప్పుడు కారు తిరిగిన మైళ్లు రాసివ్వాలనే ఫెడరల్ ఓడోమీటర్ నిబంధన ఇంత పాత కారుకు వర్తించదు. పైగా ఐదంకెల మీటర్ లక్ష మైళ్లకు సున్నాకు వస్తుంది కాబట్టి, మైలేజీకి మీరు హామీ ఇవ్వకండి. అమ్మకపు పత్రంలో ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని రాసి, ఇద్దరూ సంతకం చేసి, నంబరు ప్లేట్లు మీరే తీసేసుకోండి. కొన్న ధర కన్నా ఎక్కువ వస్తే ఆ లాభానికి పన్ను ఉంటుంది, బాగుచేయడానికి పెట్టిన ఖర్చును కొన్న ధరకు కలుపుకోవచ్చు కాబట్టి రసీదులు వెతకండి. సొంత వాడకపు కారు మీద వచ్చిన నష్టాన్ని మాత్రం పన్నులో చూపడానికి వీలుండదు.

ప్రశ్న: మా పాత షెవర్లే ఇంపాలా కన్వర్టిబుల్‌ను చూడకుండానే కొంటామని వేరే రాష్ట్రం వారు రాశారు. అడిగిన ధర కన్నా ఎక్కువ మొత్తానికి క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేర ఇచ్చే చెక్) పంపుతారట, మిగిలిన డబ్బు రవాణా మనిషికి ఇమ్మంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: నమ్మవద్దమ్మా. ఇది ఎప్పటినుంచో నడుస్తున్న మోసం. బ్యాంకు ఆ డబ్బును మీ ఖాతాలో ఒకటి రెండు రోజుల్లో చూపించినా, చెక్ నకిలీదని తేలేది తరువాత. అప్పుడు మొత్తం డబ్బు వెనక్కి తీసుకుంటుంది. ఈలోగా రవాణా మనిషికి మీరు పంపింది పోయినట్టే. నిజంగా కొనేవారైతే తమ తరఫున పరిశీలకుణ్ణి పంపిస్తారు, రవాణా తామే మాట్లాడుకుంటారు. చెక్ ఇచ్చిన బ్యాంకు శాఖకే ఇద్దరూ కలిసి వెళ్లండి. లేదా వైర్ ద్వారా డబ్బు చేరిందని మీ బ్యాంకు నోటితో చెప్పించుకున్నాకనే టైటిల్ మీద సంతకం పెట్టి తాళాలు ఇవ్వండి.