ఏడో తరగతికి ఉష్ణ ప్రసారం: బొమ్మల నోట్సులో బాణాల పని

ఏడో తరగతి పిల్లలకు ఉష్ణ ప్రసార పాఠాన్ని బొమ్మల నోట్సుతో చెబితే నిజంగా ప్రయోజనం ఉంటుందా, లేక పీరియడంతా రంగులు వేయడంతోనే గడిచిపోతుందా అని మీరు అడిగారు. విజయనగరం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఈ పాఠం చెబుతూ వస్తున్న అనుభవంతో జవాబిస్తున్నాను. బొమ్మ అందంగా ఉండాలని కోరితే మీ భయమే నిజమవుతుంది; బొమ్మలోని ప్రతి బాణానికీ కచ్చితమైన అర్థం ఉండాలని పట్టుబడితే మాత్రం, పిల్లల మనసులో ఏముందో నోటితో అడిగినప్పటి కంటే కాగితం మీద స్పష్టంగా తెలుస్తుంది.

వహనం, సంవహనం, వికిరణం నిర్వచనాలను పిల్లలు ఒక్క సాయంత్రంలో వల్లె వేసి అప్పజెప్పగలరు. వాటికి బొమ్మలు గీయమంటే అదే పిల్లలు మూడు చోట్లా ఒకే రకం బాణం గీస్తారు. అందుచేత నేను మొదటి రోజే తరగతి మొత్తానికి కొన్ని గుర్తులు ఖాయం చేస్తాను. పదార్థ కణాలకు చుక్కలు పెట్టాలి. వహనంలో కణాలు తమ చోటు వదలకుండా కంపిస్తూ పక్క కణానికి వేడిని అందిస్తాయి కనుక చుక్క నుంచి చుక్కకు పొట్టి బాణాలు. సంవహనంలో వేడెక్కిన ద్రవం గాని వాయువు గాని తానే కదిలిపోతుంది కనుక చుక్కలను వెంటబెట్టుకుని తిరిగే చుట్టు బాణం. వికిరణానికి యానకంతో, అంటే మధ్యలో ఉండే పదార్థంతో, పని లేదు కనుక ఖాళీ స్థలంలోంచి సాగే అలల గీత. సూర్యుడికీ భూమికీ నడుమ సుమారు 15 కోట్ల కిలోమీటర్ల మేర చుక్కలు ఎక్కడ పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే వికిరణం గురించి నేను చెప్పవలసింది ఇక కొంచెమే.

నల్లబల్ల మీది బొమ్మను చూసి దించుకోవడాన్ని నేను బొమ్మల నోట్సుగా లెక్కించను. ప్రయోగానికి ముందే, ఏమి జరుగుతుందని అనుకుంటున్నారో పెన్సిలుతో గీయించి, ప్రయోగం చూశాక దిద్దుబాట్లు సిరాతో చేయించాలి. పాత గీతలు చెరపనివ్వకూడదు. ఇనుప కడ్డీకి కొవ్వొత్తి మైనంతో గుండుసూదులు అంటించి ఒక కొసను వేడి చేసే ప్రయోగం మీకు తెలిసినదే. దానిని అడ్డంగా చూపిన తరువాత, కడ్డీని నిలువుగా బిగించి పై కొసను వేడి చేయండి. వేడి ఎప్పుడూ పైకే పోతుంది కనుక కింది సూదులు రాలవని తరగతిలో చాలామంది గీస్తారు. సూదులు పైనుంచి కిందికి వరుసగా రాలుతాయి. పైకి లేచేది వేడెక్కి తేలికైన గాలి లేదా నీరు గాని వేడి కాదన్న సంగతి అప్పటికి తేలుతుంది. దీనికి తోడుగా, పరీక్షనాళిక అడుగున మంచు ముక్కను తీగ చుట్టతో అదిమి ఉంచి, పై భాగంలోని నీటిని మాత్రమే మరిగించి చూపితే మంచు చాలాసేపు కరగకుండా ఉంటుంది. నీరు అధమ వాహకమని, అంటే వేడిని సరిగా అందించదని, దీనికంటే బాగా చెప్పే ప్రయోగాన్ని నేను చూడలేదు.

సంవహనానికి మన ప్రాంతంలో సముద్రపు గాలి ఉండనే ఉంది. చింతపల్లి, కళింగపట్నం వంటి తీర గ్రామాల పిల్లలకు పగటి పూట గాలి ఎటు నుంచి వీస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. ఎందుకు వీస్తుందో బొమ్మలో చూపించమనాలి. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,200 జౌళ్ల ఉష్ణం కావలసి వస్తే, ఎండిన ఇసుకకు అందులో ఐదో వంతు చాలు. కనుక నేల ముందుగా వేడెక్కి, దానిపై గాలి లేచి, ఆ చోటికి సముద్రం మీది చల్లని గాలి వస్తుంది. రాత్రి బొమ్మలో చుట్టు బాణం తిరగబడాలి. పగటి బొమ్మను మక్కికి మక్కి దింపి చంద్రుణ్ణి మాత్రం చేర్చిన నోట్సులు ఇక్కడే దొరికిపోతాయి.

వాహకాల పోలికకు శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి గరిటె ఒకటి, స్టీలు గరిటె ఒకటి ఒకే వేడి నీటిలో పెట్టి కాడలు తాకించండి. ఇత్తడి ఎంత త్వరగా కాలుతుందో చూశాక పొట్టి బాణాలు ఎక్కడ దట్టంగా గీయాలో పిల్లలే నిర్ణయిస్తారు.

ఎక్కువ సమయం పట్టేది మంచు, గొంగళి విషయంలో. అరచేతిలో మంచు ముక్క బొమ్మ గీయమంటే చలి మంచులోంచి చేతిలోకి వస్తున్నట్టు బాణం వేస్తారు, గొంగళి బొమ్మలోనేమో ఉన్నిలోంచి వేడి పుట్టుకొస్తున్నట్టు వేస్తారు. ఒకే పరిమాణం గల రెండు మంచు ముక్కల్లో ఒకదానిని గొంగళిలో చుట్టి, రెండోదానిని బల్ల మీద వదిలి, ఏది ముందు కరుగుతుందో పెన్సిలుతో గీయించండి. చుట్టినది నిదానంగా కరగడం చూశాక, ఉన్నిలో చిక్కుకున్న గాలి వేడి రాకపోకలను అడ్డుకుంటుందని ఒప్పుకుంటారు. అయినా కొందరు మరుసటి వారం మళ్లీ పాత బాణమే వేస్తారు, వారితో మళ్లీ గీయించక తప్పదు.

పరీక్షలో నేను పొయ్యి, దాని మీద గిన్నెలో నీరు, అందులో గరిటె, పక్కన చేయి చాచిన మనిషి ఉన్న బొమ్మను ముందే గీసి ఇచ్చి, బాణాలు మాత్రం పెట్టమంటాను. మార్కులు బాణం రకానికి, దిశకు, పక్కన రాసిన ఒక్క వాక్యపు కారణానికి వేస్తాను.