ఆ పెద్దాయన కంటతడి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో వూస్టర్‌లో ఉంటాడు. మొన్న వెళ్ళినప్పుడు మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్ళాడు. పక్క సీట్లో పెద్దాయన ఒకాయన ‘ఈ జట్టు మా పటకెట్‌ది’ అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. చిన్న లీగ్ జట్టు పోతే అంత దుఃఖమా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: దుఃఖమేనమ్మా. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు పటకెట్‌కు దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

ముందు ఒక మాట. మైనర్ అంటే పిల్లల ఆట కాదు. పెద్ద లీగ్‌కు ఎక్కే మెట్లవి. వాటిలో చివరిది ట్రిపుల్-ఏ. పెద్ద లీగ్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆ మెట్టు 1973 నుంచి పటకెట్‌లోనే ఉండేది.

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఈ ఊళ్ళోనే, నది ఒడ్డున, 1793లో శామ్యూల్ స్లేటర్ నూలు మిల్లు లేచింది. 1940లలో ఇక్కడ ఆడిన జట్టుకు కూడా స్లేటర్స్ అనే పేరు! తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిత్తడి నేల పూడ్చి కట్టిన మెకాయ్ స్టేడియం (1942) మాత్రం మిగిలింది. దివాలా తీసిన ఈ ట్రిపుల్-ఏ జట్టును 1977లో బెన్ మాండార్ కొన్నాడు. ఆయనా బట్టల వ్యాపారంలోంచి వచ్చినవాడే. టికెట్టు ధర తక్కువగా ఉంచి, కార్మికుల కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చేలా చూశాడు.

ఆ స్టేడియంలో ఆటగాళ్ళు కూర్చునే చోటు గ్యాలరీకి బాగా కింద ఉండేది. అందుకని పిల్లలు ప్లాస్టిక్ పాల డబ్బాకు పక్కన కోసి, లోపల బంతీ పెన్నూ పెట్టి, తాడుతో కిందికి దించేవారు. మావాడూ దించాడు. తాడు మెల్లగా కదిలింది. పైకి లాగితే బంతిమీద సంతకం, ఇంకా తడి ఆరలేదు. వాడు ఇంటికొచ్చేదాకా ఆ బంతిని రెండు వేళ్ళతోనే పట్టుకున్నాడు.

ఇక 1981 ఏప్రిల్ 18. ఈస్టర్ ముందురోజు రాత్రి రాచెస్టర్ ఊరి జట్టుతో ఆట. బేస్‌బాల్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్. తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలాల్సింది తేలలేదు, సమంగా ఉండటంతో ఆట సాగుతూనే ఉంది. 21వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఒక పరుగు ముందుకెళ్తే, పటకెట్ ఆటగాడు వేడ్ బాగ్స్ కొట్టిన దెబ్బతో మళ్ళీ సమం. చలికి ఆగలేక ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లు మంటేసుకున్నారు. 32 ఇన్నింగ్స్ అయ్యాక, తెల్లవారుజామున 4:07కి, 2-2 దగ్గర ఆపారు. అప్పటికి మిగిలిన ప్రేక్షకులు 19 మంది! జూన్ 23న మళ్ళీ మొదలుపెడితే 18 నిమిషాల్లో ముగిసింది. డేవ్ కోజా కొట్టిన బంతికి పటకెట్ 3-2తో గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంత పొడుగు ఆట మరొకటి లేదు. ఆ రాత్రి ఆడిన బాగ్స్, రాచెస్టర్ ఆటగాడు కాల్ రిప్‌కెన్ ఇద్దరూ తర్వాత బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు. గెలిపించిన కోజాకు పెద్ద లీగ్‌లో ఒక్క ఆటా దక్కలేదు. నాకు ఆ ముగ్గురిలో ఇష్టమైనవాడు ఆయనే.

మాండార్ 2010లో కన్నుమూశాడు. జట్టు చేతులు మారింది. కొత్త స్టేడియం బేరం కుదరలేదు. 2020 సీజన్ కోవిడ్ వల్ల రద్దయింది, కనీసం వీడ్కోలు ఆటైనా చూడలేకపోయారు. 2021కల్లా జట్టు వూస్టర్ చేరింది.

ఈసారి వెళ్తే, 1981లో ఆ రాత్రి ఎక్కడున్నారని ఆ పెద్దాయన్ని అడగండమ్మా. ఎంతవరకు కూర్చున్నారో కూడా.