సున్నుండను ఇంజెక్షన్‌తో పంపించడం పాపమా?

ప్రశ్న: మా పిల్లి సున్నుండకు 16 ఏళ్లు. ఏడాదిన్నరగా కిడ్నీ జబ్బు. రోజు విడిచి రోజు ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాం. గత వారం రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 7.8 వచ్చింది. నాలుగున్నర కిలోలు ఉండేది, రెండు కిలోలకు దిగింది. మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసుకుని కూర్చుంటోంది. ఇంజెక్షన్ ఇచ్చి పంపించేద్దామని మా డాక్టర్ అంటున్నారు. 'పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానం చేసినా పాపం పోదు' అని మా అత్తయ్య ఒప్పుకోవడం లేదు. దానంతట అదే పోయేదాకా ఆగితే తప్పా? ఈలోపు నొప్పి తగ్గడానికి పారాసెటమాల్ సగం బిళ్ల వేయొచ్చా? ఎనిమిదేళ్ల మా పాపకు ఏం చెప్పాలి?
- ఓ పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ముందు పారాసెటమాల్ సంగతి. వద్దమ్మా, పావు బిళ్ల కూడా వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కు లేదు. ఎర్రరక్తకణాలు పాడైపోయి చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ఊపిరి అందదు. రెండు కిలోల పిల్లికి సగం బిళ్ల ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా అంతే. ఇప్పటికే వేసి ఉంటే ఈ జవాబు తర్వాత చదవండి, ముందు ఆస్పత్రికి వెళ్లండి.

సున్నుండను నేను చూడలేదు, మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నాను. పిల్లికి 16 ఏళ్లంటే మన లెక్కలో 80 దగ్గర. క్రియాటినిన్ 5 దాటితే కిడ్నీ జబ్బు నాలుగో దశ, అంటే చివరిది. అసలు పిల్లి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని రిపోర్టులో కనపడేసరికే కిడ్నీల పని ముప్పాతిక వంతు పోయి ఉంటుంది. మిగిలిన పావుతో మీరు ఏడాదిన్నర లాక్కొచ్చారు. రోజు విడిచి రోజు సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం ఎంత ఓపికతో కూడిన పనో నాకు తెలుసు. తగిన వైద్యం చేయించలేకపోయామేమో అన్న బాధ మీకు అక్కర్లేదు.

నీళ్ల ముందు కూర్చుని తాగకపోవడానికి కారణం వికారం. రక్తంలో విషాలు పేరుకుంటే కడుపులో తిప్పుతుంది, నోట్లో పుండ్లు పడతాయి, నోరు అమ్మోనియా వాసన కొడుతుంది. దాహం ఉంటుంది, తాగడానికి మాత్రం మనసొప్పదు. అయితే తల ఎత్తలేకపోవడం పొటాషియం పడిపోయినప్పుడు కూడా వస్తుంది. అదొక్కటీ చూశారో లేదో మీ డాక్టర్‌ను అడగండి. పొటాషియం ఇస్తే కొన్ని రోజులు తేరుకోవచ్చు, కిడ్నీలు మాత్రం తిరిగిరావు.

ఆగితే తప్పా అని అడిగారు. మనం అనుకున్నట్టు రాత్రి పడుకుని పొద్దున లేవకుండా పోయే పిల్లులు తక్కువ. కిడ్నీ జబ్బుతో దానంతట అది పోవడమంటే చాలాసార్లు రోజుల తరబడి వాంతులు, పుండ్లు, ఒళ్లు చల్లబడటం, కొన్నిటికి ఫిట్స్. పైగా పిల్లి మూలగదు. మంచం కిందో, బీరువా వెనకో దూరుతుంది. చావొచ్చినప్పుడు పిల్లి ఇల్లు వదిలిపోతుందని మన పెద్దవాళ్లు అనేది ఈ దాక్కునే గుణాన్ని చూసే. ఒళ్లో పెట్టుకుంటే గురగురమంటోంది కాబట్టి హాయిగానే ఉందనీ అనుకోకండి, నొప్పిలోనూ అది గురగురమంటుంది.

రోజు ఎలా తేల్చుకోవాలి? అమెరికా పశువైద్యురాలు అలైస్ విల్లాలోబోస్ తయారుచేసిన పట్టిక ఒకటుంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది - ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చు. నేను మాత్రం, దానికి బాగా ఇష్టమైన మూడు పనులు చెప్పమంటాను. కిటికీ ఎక్కడం, చేపల సంచి చప్పుడుకు పరిగెత్తుకు రావడం, ఒళ్లు నాక్కోవడం... ఏవైనా సరే. మూడింటిలో రెండు మానేసిందంటే టైమ్ వచ్చిందనే నా ఉద్దేశం. ఒక వారం ముందే చేయించాల్సిందని బాధపడినవాళ్లను చాలామందిని చూశాను, తొందరపడ్డామని అన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. సున్నుండ విషయంలో నేనైతే ఈ వారం దాటనివ్వను.

మీ అత్తయ్యగారి మాటను తీసిపారేయకండి. ఆవిడది మొండితనం కాదు, భయం. జరిగేదేమిటో వివరంగా చెబితే సగం తగ్గుతుంది. ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. పది పదిహేను నిమిషాల్లో ఒళ్లు తెలియని నిద్రలోకి జారుకుంటుంది. ఆ తర్వాతే, ఆపరేషన్లకు వాడే రకం మత్తుమందును ఎక్కువ మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు తెరుచుకునే ఉంటాయి, మూత్రం పోవచ్చు, ప్రాణం పోయాక కూడా ఒకసారి ఊపిరి తీసినట్టు అనిపించవచ్చు. ఇవి ముందే తెలిస్తే కంగారు పడరు. ఇంటికి వచ్చి చేస్తారేమో మీ డాక్టర్‌ను అడగండి. ఆవిడ తులసి తీర్థం పోస్తానంటే వద్దనకండి. కాకపోతే మత్తు ఇవ్వకముందే, వేలితో పెదవి తడిపితే చాలు. మత్తులో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బంగారు పిల్లి సంగతి అంటారా, చిన్నప్పుడు మా నాయనమ్మ కూడా చెప్పింది, ఈ ఉద్యోగంలో నేనెన్ని బంగారు పిల్లుల్ని బాకీ పడ్డానో! నాకు తెలిసినంతవరకు ఆ మాట, కర్ర పుచ్చుకుని పిల్లి వెంటపడేవాణ్ని ఆపడానికి పుట్టింది. సున్నుండను చంపుతున్నది జబ్బు.

పాపకు 'నిద్రపుచ్చారు' అని చెప్పకండి, రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలున్నారు. 'ఊరికి పంపాం' అంతకన్నా వద్దు, ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంటుంది. చనిపోతుందని, తిరిగి రాదని ముందే చెప్పండి. ఆ ఇంజెక్షన్ తనకు వేసే టీకాలాంటిది కాదని కూడా చెప్పండి. ఇంజెక్షన్ సమయంలో దగ్గరుంటానంటే ఉండనివ్వండి, ఉండనంటే బలవంతపెట్టకండి.

ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, మీకు దగ్గరే. ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆ రోజు ఫోన్లు చేసే ఓపిక ఉండదు. ఊళ్లో సొంత జాగాలో పూడ్చాలనుకుంటే కనీసం మూడడుగుల గొయ్యి తీయించండి. ఒంట్లో మందు ఉండిపోతుంది, కుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. ఇంట్లో మిగిలిన సూదులు చెత్తబుట్టలో వేయకుండా క్లినిక్‌లో ఇచ్చేయండి. సీలు తీయని సెలైన్ బాటిళ్లుంటే అవీ ఇవ్వండి, కొనలేనివాళ్ల పిల్లికి పనికొస్తాయి.