డికాక్షన్ పల్చగా వస్తోందా? ముందు నీళ్ళు తగ్గించండి

ప్రశ్న: కొత్తగా స్టీలు ఫిల్టరు కొన్నాం. చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) లేని అరకు కాఫీ పొడి వాడుతున్నాం. అయినా హోటల్ కాఫీ రుచి రావడం లేదు. ఒకరోజు డికాక్షన్ నీళ్ళలా ఉంటుంది, ఇంకోరోజు గంటైనా కిందికి దిగదు. పాలు కలిపేసరికి కాఫీ చల్లారిపోతోంది. తప్పెక్కడ?

జవాబు: మీ ఫిర్యాదుల్లో నీళ్ళలా ఉండటం, చల్లారిపోవడం రెండూ ఒక్కటేనండీ. డికాక్షన్ పల్చగా ఉంటే రంగు కోసం ఇంకాస్త, ఇంకాస్త అంటూ అరగ్లాసు పోసేస్తాం. అప్పటికే అది చల్లారి ఉంటుంది. మిగిలిన చోటులో పట్టే పాలు దాన్ని వేడెక్కించలేవు. సరే అని కలిపిన కాఫీని స్టవ్ మీద పెడతాం, దాంతో చేదు కూడా తోడవుతుంది. గ్లాసులో పావువంతు పోస్తే సరిపోయేంత చిక్కగా డికాక్షన్ దిగాలి. అది కుదిరితే సగం బాధ తీరినట్టే.

లెక్క ఇది: 30 గ్రాముల పొడికి 150 మి.లీ. నీళ్ళు. తూకం లేకపోతే టేబుల్ స్పూనుతో చదునుగా ఆరు చెంచాలు. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి 60 మి.లీ. పైనే ఆగిపోయి, కిందికి సుమారు 90 మి.లీ. వస్తుంది. 150 మి.లీ. గ్లాసుకు 35 నుంచి 40 మి.లీ. డికాక్షన్, మిగతాదంతా పాలు. అంటే ఇద్దరికి గట్టి కాఫీ, కాస్త లైటుగా తాగేవాళ్ళయితే ముగ్గురికి.

పై గిన్నెలో చోటుంది కదా అని అంచుదాకా నీళ్ళు నింపడమే ఎక్కువ ఇళ్ళలో జరిగే పొరపాటు. గిన్నె ఎంత పెద్దదన్నది కాదు, పొడి ఎంత వేశామన్నదే నీళ్ళ కొలత తేల్చాలి. ఇద్దరే ఉన్న ఇంట్లో ఆరుగురికి సరిపడే ఫిల్టరు వాడినా ఇదే గొడవ. వెడల్పు గిన్నెలో 30 గ్రాముల పొడి పలచటి పొరలా పరుచుకుంటుంది, నీళ్ళు అందులో నిలవకుండా జారిపోతాయి. పొడి మట్టం కనీసం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఉండాలి. ఫిల్టరు కొనేటప్పుడు చిన్నదే కొనండి, చుట్టాలొచ్చినప్పుడు రెండుసార్లు వేసుకోవచ్చు.

పొడి వేసే ముందు పై గిన్నె బొత్తిగా తడి లేకుండా ఉండాలి. అడుగున చెమ్మ ఉంటే చిల్లుల దగ్గరే పొడి ముద్దకట్టి దారి మూసేస్తుంది. పొడి వేశాక గిన్నె పక్కన రెండు మూడుసార్లు తట్టి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో పైన చదును చేస్తే చాలు. బిళ్ళ బరువుకు ఇంకొంచెం వేలి బరువు, అంతే, బలంకొద్దీ నొక్కకండి. నీళ్ళు తెర్లాక స్టవ్ కట్టేసి అర నిమిషం ఆగండి. ముందు 40, 50 మి.లీ. మాత్రం బిళ్ళ మీద చుట్టూ పోయండి. పొడి తాజాదైతే బుడగలు కక్కుతూ ఉబ్బుతుంది. గింజ వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అది. ఒక్కసారిగా నీళ్ళన్నీ పోసేస్తే ఆ గాలి నీళ్ళను పక్కకు నెట్టి, సగం పొడి తడవకుండానే మిగిలిపోతుంది. అర నిమిషం తర్వాత మిగతా 100 మి.లీ. పోసి మూత పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాల్లో దిగాలి. చికోరీ ఎక్కువున్న పొడికి అరగంట దాకా పడుతుంది.

ఈ నిమిషాల లెక్క ఒక్కసారి గడియారం పెట్టి చూడండి, తప్పెక్కడుందో అదే చెప్పేస్తుంది. ఐదు నిమిషాల్లోపు దిగిపోతే పొడి మరీ గరుకుగా ఉంది, లేదా బిళ్ళతో సర్దలేదు. దిగనే దిగకపోతే ముందు ఒక చిన్న పని: పై గిన్నెను గుడ్డతో పట్టుకుని కాస్త పైకెత్తి మళ్ళీ పెట్టండి. రెండు గిన్నెలు బిగుసుకుపోయి కింది గాలి బయటికి పోయే సందు లేకపోతే చుక్క కూడా పడదు. చాలాసార్లు ఈ మాత్రానికే టపటపా పడటం మొదలవుతుంది. అప్పటికీ పడకపోతే పొడి మరీ మెత్తన. మిక్సీలో ఇంట్లో పట్టిన పొడితో ఈ తిప్పలు తప్పవు; కొంత పిండిలా, కొంత నూకలా వస్తుంది, పైగా వేడెక్కి వాసన పోతుంది. సన్న ఉప్పు ఉన్నంత, లేదా అంతకన్నా పిసరు మెత్తగా ఉంటే ఫిల్టరుకు సరైన పొడి. కొట్లో ఫిల్టరుకని చెప్పి పట్టించుకోండి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎస్ప్రెస్సో మెషిన్ కోసం పట్టిన పొడి తెచ్చి స్టీలు ఫిల్టర్లో వేస్తే దిగకపోవడానికి కారణమూ ఆ మరీ మెత్తదనమే.

పొడి బాగానే ఉండి, కొన్ని నెలలుగా మెల్లమెల్లగా మందగించిందంటే చిల్లులు పూడాయి. పై గిన్నెను వెలుతురుకు పట్టి చూస్తే తెలుస్తుంది. కాఫీ నూనె, చికోరీ జిగురు కలిసి పట్టిన మడ్డి అది, పీచుతో తోమితే పోదు. లీటరు నీళ్ళలో రెండు చెంచాల వంట సోడా వేసి, గిన్నెను పది నిమిషాలు మరిగించి, వెనకవైపు నుంచి బ్రష్ పెట్టండి. స్టీలు గిన్నెను బోర్లించి సన్న సెగ మీద నిమిషం కాల్చే పద్ధతి కూడా ఉంది, పనిచేస్తుంది, కానీ ఇత్తడి ఫిల్టరుకు వద్దు. లోపలి కళాయి కరుగుతుంది. కళాయి పోయిన ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ వేయనే వేయకండి. డికాక్షన్‌కు పులుపు గుణం ఉంది.

ఇప్పుడు హోటల్ రుచి సంగతి. మీరు కొన్న పొడితో ఆ రుచి ఎంత జాగ్రత్తగా చేసినా రాదు, అది మీ తప్పూ కాదు, పొడి తప్పూ కాదు. హోటల్ కాఫీలో మనం గుర్తుపట్టే ఆ నల్లటి చిక్కదనం, తీపి కలిసిన చేదు చాలావరకు చికోరీవి. చికోరీ ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. అందులో కెఫీన్ ఉండదు. నీళ్ళలో కాఫీకన్నా ఎక్కువగా కరుగుతుంది, రంగు దట్టంగా దిగుతుంది, నీళ్ళు పీల్చి ఉబ్బి ధారను నెమ్మదింపజేస్తుంది కాబట్టి కాఫీ సారం కూడా బాగా దిగుతుంది. చౌక కోసం కలిపే కల్తీ అని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. 15, 20 శాతం దాకా దాన్ని కల్తీ అనడం అన్యాయం. పాల కాఫీకి అది ఒక మసాలా లాంటిది. 40 దాటితే మాత్రం మీరు తాగుతున్నది వేయించిన వేరు కషాయమే. మన ఆహార నిబంధనల ప్రకారం ఈ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి శాతమూ ప్యాకెట్ మీద రాయాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవండి. ఇన్‌స్టంట్ ప్యాకెట్లలో కూడా చాలావాటిలో చికోరీ ఉంటుంది.

అరకు కాఫీ అరబికా రకం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండిస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని గొప్పతనం సువాసనలో, సన్నటి పులుపులో ఉంది. మూడు వంతుల పాలు పోస్తే అదంతా మునిగిపోతుంది. దాన్ని సగానికి సగం పాలతో గానీ, పాలు లేకుండా గానీ తాగి చూడండి. పాల కాఫీయే కావాలంటే 70 శాతం అరబికా, 30 శాతం రోబస్టా (కాఫీలో ఇంకో ముఖ్య రకం) కలిపిన పొడికి 15 నుంచి 20 శాతం చికోరీ చేర్పించండి. రోబస్టా చేదూ గట్టిదనమూ ఇస్తుంది; దానిలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. కొట్లలో వినిపించే మాటలకు అర్థం తెలిస్తే మోసపోరు: ప్లాంటేషన్ అంటే కడిగి ఆరబెట్టిన అరబికా, పార్చ్‌మెంట్ అంటే కడిగిన రోబస్టా, చెర్రీ అంటే పండుతోపాటే ఎండబెట్టింది. పీబెర్రీ వేరే రకమేమీ కాదు, పండులో రెండు గింజల బదులు ఒకటే గుండ్రంగా ఏర్పడితే దాన్ని అలా అంటారు. గుండ్రంగా ఉండటం వల్ల సమంగా వేగుతుందంటారు. అంతకుమించి దానికి పెట్టే అదనపు ధర మీ ఇష్టం.

పొడి ఎప్పుడూ పావుకిలోకు మించి కొనకండి. గాలి చొరబడని డబ్బాలో రెండు మూడు వారాలు బాగుంటుంది. రోజూ తీసి పెట్టే డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచితే తీసిన ప్రతిసారీ లోపల చెమ్మ పడుతుంది.

పాల విషయంలో హోటల్‌వాళ్ళు చేసేది సులువే, మనమే చేయం. నీళ్ళు కలపరు, పాలు ఎప్పుడూ పొగలు కక్కుతూ ఉంటాయి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3 శాతం. గేదెపాలు దొరికితే ఇంకేం కావాలి. ఒక్క పొంగు రాగానే దించి వెంటనే కలపండి. పొద్దున కాచిన పాలనే మళ్ళీమళ్ళీ కాస్తే మీగడ ముక్కలు, ఉడికిన వాసన వస్తాయి. గ్లాసులో ముందు పంచదార, దాని మీద డికాక్షన్, ఆపైన పాలు ఎత్తునుంచి ధారగా. రెండుసార్లు తిరగబోస్తే నురగకు చాలు, నాలుగుసార్లు తిరగబోస్తే చల్లారుతుంది. అమెరికాలో దొరికే హోల్ మిల్క్‌లో వెన్న సుమారు 3.25 శాతమే. దాన్ని సన్న సెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ మరిగించండి, లేదా కప్పుకు రెండు చెంచాల హాఫ్ అండ్ హాఫ్ (పాలు, క్రీమ్ కలిపి అక్కడ అమ్మేది) కలపండి. పాలు విరిగితే డికాక్షన్‌ను తిట్టకండి. పులవబోతున్న పాలు దాని పులుపు తగలగానే బయటపడ్డాయంతే.

డికాక్షన్‌ను మాత్రం నేరుగా మంట మీద పెట్టకండి. వేడి కావాలంటే కింది గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో ఉంచండి. మిగిలితే మూత ఉన్న గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా వాడేయండి. రెండో డికాక్షన్ 60, 70 మి.లీ. నీళ్ళతో తీయొచ్చు, కానీ దాన్ని విడిగా తాగలేరు, మొదటిదానిలో కలిపితే మొదటిదీ పాడవుతుంది. మరుసటి రోజు ఫిల్టర్లో పోయడానికి నీళ్ళ బదులు దాన్ని వేడిచేసి పోసేవాళ్ళు ఉన్నారు. పొదుపే గానీ, నిన్నటి చేదు ఇవాళ్టి కాఫీకి అంటుకుంటుంది.

ఎన్ని తాగొచ్చన్నది మీరు అడగలేదు కానీ, గట్టి డికాక్షన్ చెప్పాను కాబట్టి చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దంటున్నాయి. వాటి లెక్కలో 150 మి.లీ. డికాక్షన్ కాఫీకి 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌కు 50 నుంచి 65 మిల్లీగ్రాములు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా తాగొద్దని కూడా ఉంది, ఇనుము ఒంటికి పట్టనివ్వదు. సాయంత్రం కాఫీ ఐదింటికే ముగించుకుంటే రాత్రి నిద్రకు మంచిది.

రేపు పొడి మార్చకుండా నీళ్ళు మాత్రం 150 మి.లీ. చేసి చూడండి. అప్పటికీ పల్చగానే ఉంటే, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. ఐదా, యాభైయా అన్నదాన్ని బట్టి తర్వాత ఏం మార్చాలో చెప్పొచ్చు.