ప్లెయిన్ తీయకుండానే ప్లెయిన్ బొమ్మ ఎలా వచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 63 ఏళ్లు. అంబాజీపేట దగ్గర కొబ్బరి తోట చూసుకుంటారు. బీపీ ఉంది. కడుపునొప్పి అంటే కాకినాడలో స్పెక్ట్రల్ సీటీ తీయించాం. ఇంజెక్షన్ ఇచ్చి ఒక్కసారే తీశారు. పేగులు, అపెండిక్స్ బాగానే ఉన్నాయట. కానీ ఎడమ కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో 1.6 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, ‘వర్చువల్ నాన్ కాంట్రాస్ట్‌లో 17 హెచ్‌యూ’ అనీ, ‘ట్రూ నాన్ కాంట్రాస్ట్’, అంటే ఇంజెక్షన్ లేని ప్లెయిన్ స్కాన్, తీయించాలనీ రిపోర్టులో రాశారు. తీయని ప్లెయిన్ స్కాన్‌కు అంకె ఎలా వచ్చింది? మళ్లీ స్కాన్ ఎందుకు? ఇకముందు ప్లెయిన్ కూడా తీయమని మేమే అడగాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ముందు మీ భయం సంగతి చెబుతానమ్మా. వేరే కారణానికి స్కాన్ తీసినప్పుడు అనుకోకుండా కనిపించే అడ్రినల్ గడ్డల్లో ఎక్కువ భాగం అడినోమాలనే హానిలేని గడ్డలే, క్యాన్సర్లు కావు. 17 అంటే క్యాన్సర్ అని అర్థం కాదు. హానిలేనిదని తేల్చి చెప్పడానికి ఆ అంకె చాలలేదు, అంతే.

సీటీలో సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో (హెచ్‌యూ) కొలుస్తాం. నీరు 0, గాలి మైనస్ 1000. అడినోమాల్లో చాలావాటికి లోపల కొవ్వు ఉంటుంది. అందుకే గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి, ప్లెయిన్ స్కాన్‌లో 10 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే, హానిలేని అడినోమా అని ధైర్యంగా రాసేస్తాం. ఇంజెక్షన్ పడ్డాక అందులోని అయోడిన్ వల్ల అంకె పెరిగిపోతుంది, ఇక ఆ 10 గీత పనికిరాదు.

స్పెక్ట్రల్ మెషీన్ తక్కువ శక్తి, ఎక్కువ శక్తి ఎక్స్‌రేల సమాచారాన్ని విడివిడిగా తీసుకుంటుంది. తక్కువ శక్తి కిరణాలను అయోడిన్ చాలా ఎక్కువగా ఆపుతుంది, మామూలు కండలో ఆ తేడా స్వల్పం. దాన్నిబట్టి ఎక్కడ ఎంత అయోడిన్ ఉందో కంప్యూటర్ లెక్కగట్టి, దాన్ని తీసేసి బొమ్మ చూపిస్తుంది. అదే వర్చువల్ నాన్ కాంట్రాస్ట్. వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకుంటాయి చూడండి, ఇదీ అలాంటి పనే. తేరిన నీళ్లలో కాస్త మట్టి మిగిలినట్టే లెక్కలోనూ కాస్త అయోడిన్ మిగిలిపోతుంది. అడ్రినల్ దగ్గర వర్చువల్ అంకె అసలు ప్లెయిన్ కన్నా తరచుగా ఎక్కువే వస్తుంది. మీ నాన్నగారి 17 అసలు ప్లెయిన్‌లో 8 కావచ్చు, 16 కూడా కావచ్చు. వర్చువల్‌లోనే 5 వచ్చి ఉంటే నేనైతే మళ్లీ స్కాన్ అడిగేదాన్ని కాదు. కాబట్టి రిపోర్టు రాసిన డాక్టర్ చెప్పింది సరైనదే.

అయితే స్కాన్‌కు బయల్దేరేముందు ఇంట్లో బీరువా వెతకండి. 2020, 2021లో కోవిడ్ అప్పుడు చాలామంది ఛాతీ సీటీ తీయించుకున్నారు. అవి సాధారణంగా ఇంజెక్షన్ లేకుండా తీసినవే, వాటి అడుగు భాగంలో అడ్రినల్ గ్రంథులు చాలాసార్లు కనిపిస్తాయి. ఆ సీడీ దొరికితే రేడియాలజిస్టుకు చూపించండి. గడ్డ అప్పుడూ ఉండి ఉంటే పెరిగిందో లేదో తెలుస్తుంది, ప్లెయిన్ అంకె కూడా అక్కడే దొరకొచ్చు. కొత్త స్కాన్ అవసరమే పడకపోవచ్చు. పాత ఫిల్ములూ సీడీలూ పారేయవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను.

అది దొరక్కపోతే అడ్రినల్ వరకే ప్లెయిన్ తీయమని అడగండి. కొద్ది సెంటీమీటర్ల మేర తీస్తే చాలు. సూది ఉండదు, రేడియేషన్ కూడా పొట్ట మొత్తం తీసినప్పటికన్నా బాగా తక్కువ.

బీపీ ఉందన్నారు కదా, హార్మోన్ల డాక్టర్‌ను (ఎండోక్రైనాలజిస్టును) కలిసి హార్మోన్ల పరీక్షలు తప్పకుండా చేయించండి. స్కాన్‌లో మంచి అంకె వచ్చినా ఇవి మానకండి. హానిలేని అడినోమా కూడా కొన్నిసార్లు హార్మోన్లను ఎక్కువగా వదిలి బీపీని పెంచుతుంది. గతంలో ఎప్పుడైనా ఆయనకు క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇక ప్రతిసారీ ప్లెయిన్ అడగాలా అన్నారు. అక్కర్లేదు. పొట్టలో చాలా విషయాలకు వర్చువల్ సరిపోతుంది, ఒక విడత రేడియేషన్ తప్పుతుంది. మిమ్మల్ని తక్కువ తీసి మోసం చేశారని అనుకోకండి. కిడ్నీ రాళ్ల అనుమానం మాత్రం వేరు. అయోడిన్‌తో పాటు కాల్షియంలోనూ కొంత తీసివేతలో పోతుంది కాబట్టి 2, 3 మిల్లీమీటర్ల రాళ్లు వర్చువల్ బొమ్మలో మాయమవ్వచ్చు, పెద్దవి చిన్నగా కనిపించవచ్చు. మా దగ్గరికి నడుం పక్కన నొప్పి అని మెలికలు తిరుగుతూ వచ్చేవాళ్లకు నేను నేరుగా ప్లెయిన్ సీటీయే తీయిస్తాను, ఇంజెక్షన్ జోలికి పోను. స్కాన్ రాసిన డాక్టర్ చీటీ మీద ‘కడుపునొప్పి’ అని మాత్రమే ఉంటే, రాళ్ల అనుమానం కూడా ఉందేమో అడిగి రాయించుకోండి. ఏ పద్ధతిలో తీయాలో మేం ఆ చీటీ చూసే నిర్ణయిస్తాం.