'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' తర్వాత 'లివ్' రాయాలా, 'లివ్స్' రాయాలా?

'లివ్స్' అనే రాయాలి: 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ వైజాగ్.' క్రియ పక్కనే 'ఫ్రెండ్స్' ఉండటంతో మీకు అనుమానం వచ్చింది. 'నా స్నేహితుల్లో ఒకడు వైజాగ్‌లో ఉంటాడు' అనడానికి మనం తడుముకోం. తెలుగులో అసలు కర్త 'ఒకడు' స్నేహితుల తర్వాత వస్తుంది, ఇంగ్లీషులో 'వన్' ముందే వచ్చేస్తుంది. తేడా అంతా అక్కడే.

అందుకని 'ఆఫ్' దగ్గర్నుంచి క్రియ ముందు దాకా పెన్సిలుతో కొట్టేసి చూడండి. 'ద లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్'లో మిగిలేది 'ద లిస్ట్', కాబట్టి 'ఈజ్'. 'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' వచ్చినా అంతే, అవి 'యాండ్'తో సమానం కావు.

సమ్, మోస్ట్, హాఫ్, ఆల్ వచ్చినప్పుడు మాత్రం కొట్టేయకూడదు, 'ఆఫ్' తర్వాతి మాటే చూడాలి: 'మోస్ట్ ఆఫ్ ద రైస్ ఈజ్', 'మోస్ట్ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్'. 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే విద్యార్థుల సంఖ్య, 'ఈజ్'. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్' అంటే చాలామంది విద్యార్థులు, 'ఆర్'.

ఈ సూత్రాలు బాగా వచ్చినవాళ్లు కూడా తప్పు చేసే చోటు ఇంకోటుంది. అది మనకు చాలా ముఖ్యం. తెలుగులోని ఏకవచన బహువచనాలను అలాగే ఇంగ్లీషులోకి మోసుకుపోతాం. పాలు విరిగాయి, నీళ్లు వస్తున్నాయి అంటాం, రెండూ మనకు బహువచనాలే. ఇంగ్లీషులో 'మిల్క్', 'వాటర్' ఏకవచనాలు: 'ద వాటర్ ఈజ్ కమింగ్.' వార్తలు కూడా అంతే, 'ద న్యూస్ ఈజ్.' 'నాన్నగారు పనిచేస్తారు' అన్నప్పటి గౌరవ బహువచనం ఇంగ్లీషు క్రియకు అంటదు: 'మై ఫాదర్ వర్క్స్.' ఆ చివరి 'ఎస్' వదిలేస్తే గౌరవం పెరగదు, వాక్యం తప్పవుతుంది. అయితే ప్రశ్నలో 'డజ్' వస్తే ఆ 'ఎస్' దాంట్లోకే వెళ్లిపోయినట్టు: 'డజ్ యువర్ ఫాదర్ వర్క్ హియర్?'

దీనికి తిరగేసినవీ ఉన్నాయి. మనకు కత్తెర ఒకటి, ప్యాంటు ఒకటి, కళ్లజోడు ఒకటి. ఇంగ్లీషులో మూడూ బహువచనాలే: 'వేర్ ఆర్ ద సిజర్స్?', 'మై గ్లాసెస్ ఆర్ బ్రోకెన్.' ముందు 'ఎ పెయిర్ ఆఫ్' చేర్చారా, మళ్లీ పెన్సిలు తీయండి. 'పెయిర్' ఒక్కటే మిగులుతుంది: 'ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్ ఈజ్ ఆన్ ద టేబుల్.'