సమాధానం: బొచ్చోని 1916లో చనిపోతే విగ్రహం కింద 1931, 1972 ఎందుకున్నాయి?

స్లైడ్ చేస్తుంటే ఫొటోల కింద ఈ ఏళ్లు కనిపించి, ఈ విగ్రహాలు నకిలీవా అని అడిగారు. నకిలీవేం కావు. మీరు చూసినవి పోత పోసిన ఏళ్లు, శిల్పం చేసిన ఏడాది కాదు.

'యూనిక్ ఫామ్స్ ఆఫ్ కంటిన్యుయిటీ ఇన్ స్పేస్'ని ఇటలీ శిల్పి ఉంబెర్తో బొచ్చోని 1913లో ప్లాస్టర్‌తో చేశాడు. ఆయన బతికుండగా అది కంచులోకి రానే లేదు. 1916 ఆగస్టులో, సైన్యంలో శిక్షణప్పుడు గుర్రం మీంచి పడి చనిపోయాడు. అప్పటికి 33 ఏళ్లే. కంచు ప్రతులన్నీ ఆ తర్వాతవే.

చాలామంది జారిపోయేది ఒక్కచోటే: మ్యూజియం లేబుల్‌లో రెండు ఏళ్లుంటాయి. మొదటిది రూపకల్పనది, 'కాస్ట్' అన్న మాట పక్కనున్నది పోత పోసిన ఏడాది. ఫొటో కాపీ చేసేటప్పుడు రెండోదే మిగిలిపోతుంది.

మీ స్లైడ్‌కి ఇలా చేయండి:

1. ముందు ఏ మ్యూజియం ప్రతో చూడండి. న్యూయార్క్ మోమాది 1931 పోత, లండన్ టేట్‌ది 1972 పోత. అసలు ప్లాస్టర్ బ్రెజిల్‌లో, సావో పాలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది.
2. మోమా ప్రతైతే "1913 (పోత 1931)" అని రాయండి.
3. పదార్థం దగ్గర ఉత్త 'కంచు' అని వదిలేయకండి, 'ప్లాస్టర్ నుంచి కంచు' అనండి. శిల్పకళ ఎలా ఉండాలో చెబుతూ రాసిన 1912 మేనిఫెస్టోలో పాలరాయి, కంచు తప్ప గతిలేదా అని తగువు పెట్టుకున్నది ఈయనే మరి!

ఫొటో సరైనదో కాదో అనుమానమైతే: చేతులుండవు, పిక్కల వెనక మంటల్లా లేచిన మడతలు, రెండు పాదాలూ వేర్వేరు దిమ్మెల మీద. ఇటలీ 20 సెంట్ల యూరో నాణెం మీదా ఇదే బొమ్మ.